గోధుమా పాలూ లేని నిమ్మరొట్టెలు

సాయంకాలము నాలుగున్నర అయినది. పిల్లలు బడినుండి వచ్చినారు. ఇంటికి చుట్టాలు కూడ వచ్చియున్నారు. ఒక పళ్ళెములో బిస్కట్లు, కేకు ముక్కలు. మరియొక పళ్ళెములో రవ్వలడ్డూలు. అందరి చేతులూ ముందుకు సాగినవి. ఒక పిల్ల మాత్రము అమ్మమ్మ కొంగు పట్టుకొని, "అమ్మమ్మా, ఇందులో నాకేదీ?" అని అడిగినది. గోధుమలూ పాలూ ఆ పిల్లకు పెట్టరాదని డాక్టరుగారు చెప్పియున్నారు. అమ్మమ్మ లోపలికి వెళ్ళి ఒక అరటిపండు తెచ్చి ఇచ్చినది. పిల్ల పండు తిన్నది గాని, దాని చూపు పళ్ళెము మీదనే ఉన్నది.

ఇట్టి ఇల్లు ఒకటి ఊహించుకొనుట కష్టము కాదు. అది ఏలూరులో ఉండవచ్చును, తాడేపల్లిగూడెములో ఉండవచ్చును, కొల్లేటి లంకలలో ఏ గ్రామములోనైనా ఉండవచ్చును. ఆ పిల్లకు వేరుగా పథ్యము వండుట ఒక పద్ధతి. ఆ పిల్ల తినగలిగినదే ఇంటిల్లిపాదీ ఇష్టముగా తినునట్లు వండుట రెండవ పద్ధతి. ఈనాడు ఈ రెండవ పద్ధతిని గురించి చెప్పుకొందాము. ఆంగ్లేయులు తేనీటితో తిను 'స్కోను' అనే చిన్న రొట్టెను మన బియ్యముతో, మినపప్పుతో, కొబ్బరితో, నిమ్మపండుతో ఇంటిలోనే చేసికొనవచ్చును. ఏ వస్తువు ఎందుకు వేయుచున్నామో తెలిసినచో, చేతిలో ఉన్న సరకును బట్టి మార్చుకొనుట కూడ తెలియును. కాబట్టి ముందు కారణములు, తరువాత కొలతలు చెప్పుకొందాము.

గోధుమపిండిని నీటితో తడిపి, ముద్ద చేసి, ధారగా పోయు నీటిలో కడిగినచో తెల్లని గంజి అంతా పోయి, చేతిలో రబ్బరువలె సాగే జిగురు ఒకటి మిగులుతుంది. దానినే గ్లూటెన్ అంటారు. అది ఒక మాంసకృత్తు. గోధుమలలోనే కాక బార్లీలో, రై అనే ధాన్యములో కూడ ఇట్టి పదార్థమే ఉన్నది. చాలమందికి దానివలన ఏ బాధయు లేదు. కొందరికి మాత్రము అది కడుపులో పడినప్పుడు శరీరములోని రక్షణ శక్తి పొరబడి, చిన్నప్రేవుల లోపలి పొరపైననే దాడి చేయును. ఆ పొరలో ఆహారమును పీల్చుకొను సన్నని నూగువంటి భాగములు అణగిపోవును. ఎంత తిన్నను ఒంటికి పట్టదు. పిల్లలలో ఎదుగుదల ఆగుట, విరేచనములు, కడుపు ఉబ్బరము, ఎంత మందిచ్చినా తగ్గని రక్తహీనత కనబడును. దీనినే సీలియాక్ వ్యాధి అంటారు.

1888లో లండను నగరమున శామ్యూల్ గీ అనే వైద్యుడు ఈ జబ్బు లక్షణములను వివరముగా వర్ణించి, నయమగుట అనేది ఉన్నచో అది ఆహారము వలననే కావలెనని అభిప్రాయపడినాడు. ఐతే ఏ ఆహారమో ఆయనకు తెలియలేదు. 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ అనే వైద్యుడు ఇట్టి పిల్లలకు ముఖ్యముగా అరటిపండ్లు పెట్టి చూచినాడు. పిల్లలు కోలుకొన్నారు. అరటిపండులోనే ఏదో మందు ఉన్నదని అందరూ అనుకొన్నారు. నిజమునకు మేలు చేసినది రొట్టె మానిపించుట. హాలండు దేశములో విల్లెం డిక్కె అనే పిల్లల వైద్యుడు గోధుమను శంకించి, దాని వెంట పడినాడు. రెండవ ప్రపంచయుద్ధము చివర, 1944-45 శీతకాలములో, ఆ దేశమున రొట్టె దొరకక ఘోరమైన కరవు వచ్చినది. ఊరంతా చిక్కిపోవుచుండగా ఈ జబ్బుగల పిల్లలు కొంత తేరుకొన్నారు. రొట్టె తిరిగి వచ్చినప్పుడు జబ్బు కూడ తిరిగి వచ్చినది. 1950లో డిక్కె తన పరిశోధనను గ్రంథరూపమున వెలువరించిన పిమ్మట అసలు కారణము లోకమునకు తెలిసినది.

మరి పాలు ఎందుకు మానవలెను? దీనికి రెండు మూడు కారణములున్నవి. పాలలోని చక్కెరను అరిగించు రసము చిన్నప్రేవుల లోపలి పొరలోనే పుట్టును. గోధుమవలన ఆ పొర దెబ్బతిన్నవారికి, అది మానువరకు, పాలు కూడ అరగవు. అందుచేత కొందరికి వైద్యులు కొంతకాలము రెండూ మానుమందురు. జబ్బు ఏదియు లేకుండగనే పెద్దతనములో ఆ రసము తగ్గి పాలు సరిపడనివారు వేరొక జాతి. వీరిలో చాలమంది పెరుగు, మజ్జిగ తట్టుకొందురు. పాలలోని మాంసకృత్తే పడనివారు మూడవ జాతి. వీరికి నేతిలో మిగిలిన కొద్దిపాటి పాల అంశము కూడ హాని చేయవచ్చును. కనుక ఈనాటి వంటలో పాలు, వెన్న, పెరుగు, నెయ్యి ఏదియు లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. పక్కింటివారు చెప్పినారనియో, ఎక్కడనో చదివితిమనియో ముందే గోధుమలు మానివేయరాదు. సీలియాక్ వ్యాధిని గుర్తించు రక్తపరీక్ష, గోధుమలు తినుచున్న కాలములో చేసినప్పుడే సరిగా తేలును. మాని వెళ్ళినచో జబ్బు ఉన్నను లేనట్లే కనబడవచ్చును. ముందు వైద్యుని చూడవలెను, తరువాత మానవలెను. జబ్బు ఉన్నదని తేలినపిమ్మట మానుట జీవితాంతము. పండుగకొక దినమని సడలించుట లేదు. మన దేశములో గోధుమ ప్రధానాహారమైన ఉత్తర ప్రాంతములకన్న దక్షిణమున ఈ జబ్బు అరుదు. అన్నము తిను సీమలో ఈ అనుమానము రాక, కొందరి విషయములో ఆలస్యమగుటయు కలదు.

గోధుమ కంటికి కనబడినచోట మానుట సులభము. కనబడకుండ దాగినచోటనే ప్రమాదము. మైదా, సేమియా, ఉప్మాకు వాడు బొంబాయిరవ్వ గోధుమ సంతతియే. ఇడ్లీరవ్వ బియ్యముతో చేసినది కాబట్టి దానితో భయము లేదు. బజారులో దొరకు ఇంగువలో అనేక రకములకు గోధుమపిండి కలుపుదురు. డబ్బా మీది అక్షరములు చదివి కొనవలెను. మాల్టు పేరుతో అమ్ము పానీయపు పొడులు సాధారణముగా బార్లీతో చేసినవి. పిండిమరలో మనకు ముందు ఎవరైనా గోధుమలు ఆడించియున్నచో, ఆ పిండి కొంత మన బియ్యపుపిండిలో కలియును. అందుచేత ఇంటి మిక్సీలో పట్టుకొనుట, లేక బియ్యము మాత్రమే ఆడించు మరకు పోవుట మంచిది. 'గ్లూటెన్ లేనిది' అని పొట్లము మీద వ్రాయుటకు మన దేశపు నిబంధన ప్రకారము కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి అది ఉండరాదు. దీనిని బట్టి ఎంత కొంచెము కలిసినను లెక్కలోనికి వచ్చునో గ్రహింపవచ్చును.

ఇక వంట సంగతి. గోధుమరొట్టె పొంగుటకు కారణము ఆ జిగురే. పిండిలో పుట్టిన గాలిని అది బుడగలుగా పట్టి ఉంచును. బియ్యపుపిండిలో అట్టి జిగురు లేదు. ఒట్టి బియ్యపుపిండితో రొట్టె కాల్చినచో గాలి తప్పించుకొనిపోయి, రొట్టె గట్టిపడును, లేదా పొడిపొడిగా రాలును. గోధుమ లేని రొట్టెలో మొదటి చిక్కు ఇదే. అయితే ఈ చిక్కును మన ముత్తవ్వలు ఏనాడో విప్పినారు. గోదావరి జిల్లాల వారికి దిబ్బరొట్టెను పరిచయము చేయ నక్కరలేదు. నానబెట్టి రుబ్బిన మినపప్పులో బియ్యపురవ్వ కలిపి, నూనె రాచిన మందపాటి మూకుడులో రెండంగుళముల మందమున పోసి, మూత పెట్టి సన్నని సెగ మీద కాల్తురు. పూర్వము మూత మీద కూడ నిప్పులు పోయుట ఉండెను. పైన నిప్పు, క్రింద నిప్పు, మధ్య రొట్టె: పాశ్చాత్యుల ఓవెను చేయుపని ఇదియే. అందులో గోధుమ లేదు, పాలు లేవు. చెరకు పానకముతోనో, పచ్చడితోనో తిన్నచో ఎవరికిని కొరత తోచదు. అక్కడ గోధుమ జిగురు చేయవలసిన పనిని మినపపిండిలోని జిగట చేసినది.

స్కోను స్కాట్లండు దేశపు రొట్టె. అది కూడ మొదట ఓవెనులో పుట్టలేదు. పొయ్యిమీది పెనముపై గుండ్రముగా పరచి, నాలుగు పాళ్ళుగా కోసి కాల్చిన రొట్టె అది. సోడాతో పొంగించు పొడులు వాడుకలోనికి వచ్చిన తరువాతనే అది నేటివలె గుల్లగా ఎత్తుకొన్నది. ఆ పొడి కథ కూడ మన ప్రసంగమునకు దగ్గరగానే ఉన్నది. 1843లో ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వర్తకుడు దానిని తయారుచేసినాడు. ఆయన భార్యకు ఈస్టుతో పులిసిన రొట్టె సరిపడదు. ఇంటిలో ఒక్కరు తినలేక పోవుచున్నారని, పులియుట అక్కరలేకుండ రొట్టెను పొంగించు ఉపాయము ఆయన వెదకినాడు. నేడు లోకమంతయు వాడు పొడి ఆ విధముగా ఒక ఇంటి వంటగది కొరకు పుట్టినది.

మనకు కావలసిన సరకు దూరము వెళ్ళి తేవలసినది కాదు. 2022లో జిల్లాలు విడిపోయి ఏలూరు ఒక జిల్లాకు ముఖ్యపట్టణమైనను, తాడేపల్లిగూడెము పశ్చిమగోదావరిలోనే నిలిచినను, వంటింటి లెక్కకు ఇది ఇంకను ఒక్క సీమయే. బియ్యమునకు తాడేపల్లిగూడెము మిల్లులున్నవి. కొల్లేటికి పడమటనున్న కృష్ణా డెల్టా మాగాణులలో వరికోతకు ముందే, తేమ ఆరకుండ, మినుములు చల్లుదురు. దెందులూరు, పెదవేగి వైపు మెట్టపొలములలో నిమ్మతోటలున్నవి. ఆ కాయలు ఏలూరు బజారునకు వచ్చి, అక్కడనుండి దూరదేశములకు పోవును. కొబ్బరి ఇరుప్రక్కలా ఉన్నది.

ఎనిమిది రొట్టెలకు కొలతలు ఇవి. మెత్తని బియ్యపుపిండి 200 గ్రాములు. పొట్టు తీసిన మినపప్పు దోరగా వేయించి, జల్లించిన పిండి 40 గ్రాములు. పంచదార పొడి 50 గ్రాములు. గడ్డకట్టిన కొబ్బరినూనె 60 గ్రాములు. చిక్కని కొబ్బరిపాలు 150 మిల్లీలీటర్లు. వంటసోడా అర టీచెంచా, ఉప్పు పావు టీచెంచా. ఇసబ్గోలు పొట్టు ఒక పెద్ద చెంచా. నిమ్మరసము రెండు పెద్ద చెంచాలు, అనగా 30 మిల్లీలీటర్లు. నాలుగు నిమ్మకాయల పైతొక్క తురుము.

వీనిలో కొన్నిటికి కారణము చెప్పవలెను. రుబ్బిన మినపపిండిలో ఉన్నంత జిగట పొడిపిండిలో ఉండదు. అందుచేత మందుల దుకాణములో దొరకు ఇసబ్గోలు పొట్టు తోడుగా వేసితిమి. అది తడిసినప్పుడు జెల్లీవలె ఉబ్బి గాలిని పట్టి ఉంచును. మినపప్పు వేయించుట పచ్చివాసన పోవుటకు. సున్నుండల కమ్మదనము కూడ దానివలన వచ్చును. వంటసోడా పులుపుతో కలిసినప్పుడు బొగ్గుపులుసు వాయువు పుట్టును. పులుపు చాలనిచో సోడా మిగిలి, సబ్బువంటి రుచి ఇచ్చును. అర టీచెంచా సోడాకు సుమారు రెండు గ్రాముల నిమ్మ ఆమ్లము కావలెను. 30 మిల్లీలీటర్ల నిమ్మరసములో ఇంచుమించు అంత ఉన్నది. కాబట్టి ఈ రెంటిలో ఒకటి పెంచినచో రెండవదియు పెంచవలెను. నిమ్మరసము పులుపునకు, పొంగునకు. వాసన మాత్రము తొక్కలోని నూనెదే. మన నిమ్మకాయకు తొక్క పలుచన, కాబట్టి సన్నని తురుముపీట మీద తేలికగా రాచవలెను. లోపలి తెల్లపొర తగిలినచో చేదు వచ్చును. దబ్బకాయగాని, నారింజగాని దొరికినచో ఒక్క కాయ తొక్క చాలును. సోడాకు సరిపడు పులుపు కొరకు నిమ్మరసము మాత్రము వేయవలసినదే.

ఇక చేయు విధానము. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల వేడికి కరిగిపోవును. ఏలూరు ఎండలలో అది ఎన్నడు గట్టిగా ఉండును? ముందుగా గిన్నెతో ఫ్రిజ్జిలో పెట్టి గడ్డకట్టించవలెను. నిమ్మతొక్క తురుమును పంచదారలో వేసి వ్రేళ్ళతో నలిపినచో తొక్కలోని నూనె పంచదారకు పట్టును. బియ్యపుపిండి, మినపపిండి, సోడా, ఉప్పు రెండుసార్లు కలిపి జల్లించవలెను. అందులో ఆ పంచదార వేసి, గట్టి నూనెను చిన్న పలుకులుగా గీరి వేసి, కొనవ్రేళ్ళతో రవ్వరవ్వగా కలపవలెను, పిసుకరాదు. ఈ నూనె పలుకులు కాల్చునప్పుడు కరిగి, రొట్టెలో గుల్లతనము కలిగించును. ఇసబ్గోలు పొట్టును కొబ్బరిపాలలో ఐదు నిమిషములు నాననిచ్చి, పిండిలో పోసి కలపవలెను. ముద్ద మెత్తగా, చేతికి కొంచెము అంటుచుండవలెను. పొడిగా తోచినచో ఒకటి రెండు చెంచాల కొబ్బరిపాలు చేర్చవచ్చును. ఈ ముద్దను మూతపెట్టి పదిహేను నిమిషములు చల్లనిచోట ఉంచవలెను. బియ్యపుపిండి నీరు నిదానముగా పీల్చును. ఆ వ్యవధి ఇవ్వనిచో రొట్టె పంటి క్రింద ఇసుకవలె తగులును.

నిమ్మరసము చిట్టచివర పోయవలెను. అది తగిలిన మరుక్షణము వాయువు పుట్టుట ఆరంభించును. కనుక కాల్చు పాత్ర ముందే వేడెక్కియుండవలెను. రసము చుట్టూ పోసి, పది పన్నెండుసార్లు మడచి కలిపి, బియ్యపుపిండి చల్లిన పీట మీద అంగుళము మందమున గుండ్రముగా తట్టి, ఎనిమిది పాళ్ళు కోసి, ఆలస్యము లేకుండ కాల్చవలెను.

ఓవెను ఉన్నవారు 200 డిగ్రీల వేడిలో పద్దెనిమిది మొదలు ఇరువది రెండు నిమిషములు ఉంచినచో పైన బంగారువన్నె వచ్చును. లేనివారు దిబ్బరొట్టె పద్ధతినే అనుసరింపవలెను. మందపాటి ఇనుప మూకుడునకు కొద్దిగా నూనె రాచి, సన్నని సెగ మీద ఐదు నిమిషములు వేడి చేసి, ముక్కలను ఎడముగా పేర్చి, బిగువైన మూత పెట్టవలెను. పన్నెండు నిమిషములకు అడుగు ఎర్రబడును. అట్లకాడతో తిరగవేసి, మరల మూతపెట్టి, ఇంకొక పది నిమిషములు కాల్చవలెను. మధ్యలో సన్నని పుల్ల గ్రుచ్చి తీసినప్పుడు పిండి అంటకుండ వచ్చినచో ఉడికినట్లు. ఈ విధముగా చేసినవి ఓవెనులోని వానికన్న కొంచెము తక్కువ ఎత్తుగా ఉండును గాని, వాని పూర్వులైన పెనపు స్కోనులకు దగ్గరగా ఉండును.

మొదటిసారి తప్పులు వచ్చుట సహజము. రొట్టె విరిగి రాలినచో తడి చాలలేదన్నమాట. మధ్య పచ్చిగా ఉన్నచో సెగ ఎక్కువై, పైన ముందు కాలినది. సబ్బురుచి వచ్చినచో నిమ్మరసము తక్కువైనది. పొంగనిచో రసము పోసిన తరువాత ఆలస్యము చేసితిమి, లేదా సోడా పాతబడినది. సోడా బలము తెలిసికొనుటకు చిటికెడు తీసి దానిపై నిమ్మరసము పిండి చూడవలెను. బుస్సున పొంగినచో మంచిదే. బియ్యపు రొట్టె ఏదైనను చల్లారినకొలది గట్టిపడును. ఆ పూటకు చేసికొని ఆ పూటనే తినుట మేలు. మిగిలినచో పెనము మీద మూతపెట్టి వెచ్చచేసినచో మరల మెత్తబడును. వెన్నకు బదులు పైన నిమ్మతొక్కతో కాచిన బెల్లపుపాకము, లేదా తేనె వేసికొనవచ్చును.

ఒక్క సంగతి మరువరాదు. సీలియాక్ వ్యాధి ఉన్న పిల్లకు వడ్డించు ఇంటిలో, ఈ రొట్టెలను గోధుమ బిస్కట్ల పళ్ళెములో కలిపి పెట్టరాదు. చపాతీలు చేసిన పీట, మైదా జల్లించిన జల్లెడ, పూరీలు వేయించిన నూనె వీనికి వాడరాదు. ఒక జల్లెడ, ఒక పీట, ఒక మూకుడు విడిగా ఉంచుకొన్నచో చాలును. అదియు కష్టమైనచో, చుట్టాలు వచ్చిన దినమున ఇంటిలో ఈ రొట్టెలే చేయుట అన్నిటికన్న తేలిక. పళ్ళెము ఒక్కటే ఉండును. ఎవరు దేనిలో చేయి పెట్టినారో చూచు కాపలా అమ్మమ్మకు తప్పును. పిల్ల కూడ అడుగనవసరము లేకుండ తన చేత్తో తానే తీసికొనును.